ఏసీ సర్వీసుకి పిలిస్తే "గ్యాస్ అయిపోయింది" అన్నాడు, మీరూ జాగ్రత్త

ఎండలు ముదిరాక విజయవాడలో ఏసీ మెకానిక్ దొరకడమంటే మూఢం ముందు పురోహితుడు దొరకడమే. ఆ తొందరలోనే నాకు 3,200 రూపాయలు వదిలాయి.

మాది ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ ఏసీ, కొని నాలుగో ఏడు. చల్లదనానికి ఏ లోటూ లేదు. వేసవిలో గట్టిగా వాడేముందు ఒకసారి కడిగిద్దామని ఫోన్‌లో కంపెనీ పేరు పక్కన కస్టమర్ కేర్ అని కొట్టి, అన్నిటికంటే పైన కనబడ్డ నంబరుకి చేశాను. అది డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటనట, కంపెనీకీ దానికీ సంబంధమే లేదట. అసలు నంబరు బీరువాలో వారంటీ కార్డు మీద భద్రంగా ఉంది.

జెట్ సర్వీసు, అంటే నీళ్లు గట్టిగా చిమ్మి కడగడం, 599 అన్నారు. వచ్చిన కుర్రాడు మర్యాదగానే ఉన్నాడు. లోపలి యూనిట్ కడిగి నల్లటి నీళ్లు చూపించాడు. "మేడమ్, ఇంకో బకెట్ నీళ్లు కావాలి" అన్నాడు. బాత్రూమ్‌లో కుళాయి కింద బకెట్ పెట్టి నిలబడితే, బాల్కనీలోంచి స్స్‌స్ మని కుక్కర్ విజిల్ వేయబోయే ముందు వచ్చే చప్పుడు. నేను బకెట్ మోసుకొచ్చేసరికి బయటి యూనిట్‌కి గ్యాస్ ఒత్తిడి చూపే మీటర్ తగిలించి ఉంది.

"చూడండి మేడమ్, అరవై. నూట ఇరవై దాకా ఉండాలి. సగం గ్యాస్ పోయింది, ఇలాగే నడిపితే కంప్రెసర్ కొట్టేస్తుంది."

కంప్రెసర్ మాట వినగానే ఒప్పేసుకున్నాను. పావుగంటలో చిన్న సిలిండర్‌తో ఏదో ఎక్కించి, చేత్తో రాసిన చీటీ ఇచ్చి వెళ్లిపోయాడు.

మూడు వారాలు తిరక్కుండానే గది చల్లబడటం మానేసింది. బయటి యూనిట్‌కి వెళ్లే సన్న గొట్టం మీద మంచు పేరుకుంది. అదే నంబరుకి చేస్తే, గ్యాస్‌కి గ్యారంటీ ఉండదు మేడమ్ అని పెట్టేశారు.

మా బాబాయి వాళ్లింటికి ఏళ్ల తరబడి వచ్చే మెకానిక్‌ని పంపించాడు. ఆయన మీటర్ జోలికి పోకుండా ముందు కాస్త సబ్బు నురగ అడిగాడు. గ్యాస్ ఎక్కించే చోట ఉండాల్సిన ఇత్తడి మూత లేదు. చుట్టూ నూనె మరక. నురగ రాయగానే లోపలి పిన్ దగ్గర ఆవగింజంత బుడగలు, ఒకదాని వెనక ఒకటి. "మూతేదమ్మా?" అని నన్నడుగుతాడాయన!

ఆ స్స్‌స్ ఏమిటో నాకప్పుడు అర్థమైంది. ఉన్న గ్యాస్ వదిలేసి, తగ్గిందని చూపించి, మళ్లీ నాకే అమ్మాడు. పైగా అది ఆర్32, కొద్దిగా మండే గుణం ఉన్న గ్యాస్.

"ఇదేమన్నా బండిలో పెట్రోలా అమ్మా, వాడితే అయిపోడానికి?" అన్నాడాయన. ఏసీలో గ్యాస్ మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతుంది, ఎక్కడా కారకపోతే ఏళ్ల తరబడి అంతే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఆ చోటు పట్టుకోకుండా నింపితే చిల్లి కుండలో నీళ్లే. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం మారుతుంటుంది కాబట్టి మీటర్ మీద ఒక అంకె చూసి తేల్చలేమట.

ఆయన మిగిలిన గ్యాస్ తీసి, పిన్ మార్చి, అరగంట పైన వాక్యూమ్ పంపు నడిపాడు. లోపల గాలి, తేమ మిగిలితే నిజంగానే కంప్రెసర్ దెబ్బతింటుందట. తర్వాత సిలిండర్‌ని తూకం మీద పెట్టాడు. ఎంత గ్యాస్ పట్టాలో బయటి యూనిట్ ప్లేటు మీద గ్రాముల్లో రాసే ఉంటుంది, మాదానికి 780. ఇన్నేళ్లలో ఆ ప్లేటు నేను చదివింది లేదు.

తూకం తీయకుండా గ్యాస్ కొడతానంటే ఒప్పుకోకండి. మీటర్ తగిలించేటప్పుడు పక్కనే నిలబడండి, నీళ్లు వాళ్లనే పట్టుకోమనండి. కారిపోయినప్పుడు పైపైన కలపకుండా, మొత్తం తీసి తూకం ప్రకారం కొత్తగా ఎక్కించమనండి. చల్లదనం తగ్గితే ముందు ఫిల్టరు చూసుకోండి. మేం ఇప్పుడు రెండు వారాలకోసారి ఇంట్లోనే కుళాయి కింద కడిగి నీడలో ఆరబెడుతున్నాం. గదిలో నీళ్లు కారితే చాలావరకు డ్రెయిన్ పైపు పూడుకున్నట్టు, దానికీ గ్యాస్ పేరు చెప్పేవాళ్లున్నారు. జెట్ పెట్టేటప్పుడు సర్క్యూట్ బోర్డు మీద ప్లాస్టిక్ కవర్ కప్పారో లేదో కూడా చూడండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. బిల్లుందా అన్నారు. చీటీ తీసి చూస్తే దాని మీద షాపు పేరు లేదు, అడ్రసు లేదు, జీఎస్టీ నంబరు లేదు. "గ్యాస్ 3200, సర్వీస్ 599", కింద వంకర సంతకం. ఆ ప్రకటన మాత్రం నిన్న చూసినా పైనే ఉంది.