పంచుకోవడమా, ప్రింటు వేయించడమా: మన ఫొటోలకు ఏది మేలు?

“తీసిన ఫొటోలు హార్డ్‌డిస్కు నిండా ఉన్నాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్నాను, లైకులు వస్తున్నాయి, అయినా ఏదో వెలితి. ప్రింట్లు వేయిస్తే అది తీరుతుందా?” కాస్త అటూఇటూగా ఇదే ప్రశ్న ఈ ఏడాది ఇరవైమంది దాకా నన్ను అడిగారు. ఒక్కొక్కరికీ ముక్కలుముక్కలుగా జవాబిచ్చాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. ఫొటోగ్రఫీ నా వృత్తి కాదు. పన్నెండేళ్లుగా ఆదివారాలు కెమెరా పట్టుకుని తిరుగుతున్నాను, అంతే. కనుక ఫొటోలు అమ్ముకోవడం, పోటీలకు పంపడం గురించి ఇక్కడ రాయను. తన తృప్తి కోసం ఫొటోలు తీసేవారికి ఏది మేలన్నదే విషయం.

ముందు ఆన్‌లైన్ సంగతి. దాన్ని చిన్నచూపు చూసేవారితో నేను ఏకీభవించను. మా పిన్ని కుటుంబం విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు వాళ్ల కింది అంతస్తు రోజుల తరబడి నీళ్లలో నానింది. బీరువా అడుగు అరలోని ఆల్బమ్‌లు తెరిచి చూస్తే ఫొటోలు ప్లాస్టిక్ కవర్లకు అతుక్కుపోయాయి. లాగితే రంగు ఊడి చేతికి వచ్చింది. చెల్లి బారసాల ఫొటోలు ఈరోజు మాకు మిగిలాయంటే, ఎవరో ఎప్పుడో ఆ ఆల్బమ్ పేజీలను ఫోనుతో తీసి కుటుంబ గ్రూపులో పెట్టడమే కారణం. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య పాత ఫోనులో దొరికాయి. పదిచోట్ల ఉన్నది ఒక్క వరదకు పోదు. ఒకే ప్రతిగా ఉన్న కాగితానికి ఆ బలం లేదు. (తడిసినవన్నీ పోయినట్టే అని మేము తొందరపడ్డాం. 2011 సునామీ తర్వాత జపాన్‌లో స్వచ్ఛంద కార్యకర్తలు బురదలో దొరికిన లక్షల ఫొటోలను మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, సొంతదారుల కోసం భద్రపరిచారు. ఆ సంగతి నేను చదివేసరికి మా ఆల్బమ్‌లు చెత్తబండిలో వెళ్లిపోయాయి.)

ఆన్‌లైన్ ఇచ్చే రెండో వరం, మనకు తెలియని మనిషిని కలపడం. చీరాల దగ్గరి చేనేత ఊరు వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. అక్కడి చదువు బల్ల ఫొటో ఒకటి పెడితే మెల్‌బోర్న్ నుంచి ఒకాయన రాశారు, తన తాతగారు రోజూ పత్రిక చదివింది అక్కడేనని. ఆ ఫొటో నా హార్డ్‌డిస్కులోనే ఉండి ఉంటే ఆ ఉత్తరం వచ్చేది కాదు.

ఇక ఆన్‌లైన్ తీసుకునేది కూడా ఉంది. దాన్ని నేను ఆలస్యంగా గుర్తించాను. నిలువుగా 4:5 కొలతలో పెడితే ఫోను తెరమీద ఫొటో పెద్దగా కనిపిస్తుంది, చూసేవారి వేలు ఒక క్షణం ఆగుతుంది. అందుకని అన్నిటినీ నిలువుగా కత్తిరించడం అలవాటైంది. తర్వాత తీసేటప్పుడే నిలువుగా తీయడం మొదలైంది. నిలువులో ఇమడని వాటిని తీయడం తగ్గిపోయింది.

ఆ కత్తిరింపు ఎంత పని చేసిందో చెప్పాలంటే మళ్లీ వేటపాలేనికే వెళ్లాలి. 2022లో అక్కడ ఒక ఇంట్లో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్న పెద్దావిడ ఫొటో తీశాను. కిటికీ వెలుగు ఆమె చేతిమీద పడింది, నూలుపోగు తీగలా మెరిసింది. నాకు ఎంతో నచ్చిన ఫొటో. కుడిపక్కన గుంట మగ్గం దగ్గర ఎవరో మసకగా కూర్చుని ఉన్నారు. ఆ పక్క కత్తిరించి, నిలువుగా చేసి పెట్టాను. 1,500 లైకులు వచ్చాయి. ఆ ఇంటి మనవడు కూడా తన ఫోనులో చూసి సంతోషించాడు.

ఏడాదిన్నర తర్వాత అటు వెళ్తూ ఒక ప్రింటు ఇద్దామనిపించింది. ప్రింటుకు కత్తిరింపు అక్కరలేదు కనుక పూర్తి ఫొటోనే 8×12 అంగుళాల్లో వేయించాను. తీసుకెళ్లి ఇచ్చాను. ఆమె తన ముఖం చూసుకోలేదు. కాగితాన్ని వెలుతురులోకి తిప్పి, కుడి అంచున వేలు పెట్టి, “మా ఆయన” అన్నారు. మగ్గం దగ్గర మసకగా ఉన్న మనిషి ఆమె భర్త. అంతకు నాలుగు నెలల ముందు పోయారు. గోడమీద ఉన్న ఆయన పటం ఆధార్ కార్డులోని బొమ్మను పెద్దది చేసి కట్టించింది. కళ్లు ఎటు చూస్తున్నాయో కూడా తెలియదు. మగ్గంలో కూర్చున్న ఆయన ఫొటో ఆ ఇంట్లో ఇదొక్కటే. 1,500 మంది చూసిన ఫొటోలో ఆయన లేరు. ఆయనను తీసేసింది నేను.

ఆ రోజు నుంచి ఈ పోలికలో నేను ముందుగా చూసే అంశం ఒక్కటే: ఫొటోలో ఉన్నవారికి ఆ ఫొటో చేరిందా? ఎంతమంది చూశారన్నది ఆ తర్వాతే. నాకు ముఖ్యమనిపించింది ఆ చెయ్యి, ఆ వెలుగు. ఆమెకు ముఖ్యమైంది నేను పనికిరాదనుకున్న మూల. ఆ రెండు అర్థాలూ కలిసింది కాగితంమీద, ఆ వసారాలో. ఫోను తెరమీద కలిసే అవకాశమే లేకపోయింది. తెరమీద మనం చూపించినదే చూస్తారు. ప్రింటును చేతిలోకి తీసుకున్నవారు తమకు కావలసింది వెతుక్కుంటారు, వేలు పెడతారు, పక్కింటివారిని పిలుస్తారు. తాను ఫొటో ఎందుకు తీస్తున్నాడో తెలియక వెలితి పడుతున్న మనిషికి నేను ఇవ్వగలిగిన మొదటి సలహా ఇదే: మీరు తీసిన మనుషుల్లో ఒకరికి ఒక ప్రింటు తీసుకెళ్లి ఇచ్చి, పది నిమిషాలు అక్కడే కూర్చోండి.

మన ఇళ్లలో మరో ఇబ్బంది ఉంది. మనిషి పోయాకే ఫొటో గోడకెక్కుతుంది. పెద్దకర్మ నాటికి పటం కావాలని, ఏదో పెళ్లి గ్రూపు ఫొటోలోంచి ముఖం కత్తిరించి, వెనుక నీలం రంగు పోసి, హడావిడిగా కట్టిస్తారు. బతికుండగా గోడమీద పెడితే మంచిది కాదని మా నాన్నమ్మ ఒప్పుకునేది కాదు. అలాంటివారికి గోడ అక్కరలేదు, బీరువాలో చీరల మధ్య పెట్టుకునే సైజు చాలు. మా నాన్నమ్మ తన ఫొటోను చివరిదాకా అలాగే దాచుకుంది. తీసి చూసుకోవడం నేను చాలాసార్లు చూశాను.

ప్రింటు వేయిద్దామని నిర్ణయించుకున్నాక ఏ రకం? ఇందులో నా పక్షపాతం దాచను: ల్యాబులో వేయించే విడి ప్రింట్లు. ఇవ్వడానికి 6×8, మరీ ఇష్టమైనవాటికి 8×12. నాలుగారు (4×6) సైజు చవక, కానీ ఫోను ఫొటోలు మామూలుగా 4:3 నిష్పత్తిలో ఉంటాయి కనుక ఆ సైజులో అడ్డంగా తీసినదానికి పైనో కిందో, నిలువుగా తీసినదానికి పక్కలు తెగుతాయి; 8×12లోనూ అంతే. అడ్డం ఫొటోలో నిలబడిన మనిషి పాదాలు పోవచ్చు. 6×8లో ఫోను ఫొటో మొత్తం వస్తుంది. అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 8×12 ప్రింటుకు 2400×3600 పిక్సెళ్లు కావాలి, అంటే 86 లక్షలకు పైగా. ఈనాటి చాలా ఫోన్లకు అది కష్టం కాదు. కష్టమల్లా వాట్సాప్ గ్రూపులోంచి దించుకున్న ఫొటోను ల్యాబుకు ఇవ్వడంతోనే. అక్కడ మామూలుగా పంపినది పొడవువైపు దాదాపు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది, తీసిన తేదీ వివరాలూ పోతాయి. అసలు ఫైలే అడగండి. డాక్యుమెంటుగా పంపితే కుదింపు లేకుండా వస్తుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఆ పెద్దావిడ ఫొటో మొదటిసారి వేయించినప్పుడు ల్యాబువారు అడగకుండానే ఆమె ముఖం తెల్లగా చేసి, ముడతలు తీసేసి ఇచ్చారు. మంచి చేశామనే అనుకున్నారు. నేను వెనక్కి ఇచ్చి, ఏ దిద్దుబాటూ వద్దని చీటీ రాసి మళ్లీ వేయించాను. అరవై ఏళ్లు కండెలు చుట్టిన మనిషికి ఎవరిదో ముఖం తీసుకెళ్లి ఎలా ఇస్తాం? మీరూ ఆర్డరు ఇచ్చేటప్పుడే రంగు మార్చవద్దని స్పష్టంగా చెప్పండి. ఫోను వెలుగు పూర్తిగా పెంచి చూసుకుంటే ప్రింటు చీకటిగా వచ్చినట్టు అనిపిస్తుంది. సగానికి తగ్గించి చూసుకున్నాకే పంపండి. మెరుపు కాగితంమీద వేలిముద్రలు పడతాయి, చేతులు మారే ప్రింట్లకు మెరుపులేని మ్యాట్ కాగితం మేలు. వెనుక పేరు, ఊరు, తేదీ రాయడం మరవద్దు. బాల్‌పెన్‌తో నొక్కి రాస్తే ముందువైపు గీత తేలుతుంది, సన్నని మార్కరుతో రాసి ఆరనివ్వండి.

ఫొటో పుస్తకం ప్రయాణాలకు, పిల్లల మొదటి ఏడాదికి బాగుంటుంది. పెళ్లిళ్ల కరిజ్మా ఆల్బమ్‌లా బరువైనది కాకుండా పలుచటిది చేయించుకుంటే ఇంటికి వచ్చినవారు నిజంగా తిరగేస్తారు. వేల ఫొటోల్లోంచి నలభై ఎంచుకోక తప్పదు కనుక మన దృష్టి ఎటు వెళ్తోందో మనకే తెలుస్తుంది. అయితే ఒక్క పేజీ తీసి ఎవరికీ ఇవ్వలేం, నాకు అదే లోటు. గోడకు పెద్ద ఫ్రేము ఏడాదికి ఒకటి చాలు, ఎండ నేరుగా తగలని చోట పెట్టండి. ఇంట్లో ప్రింటరు నెలకు కొన్నయినా వేసేవారికే. వాడకపోతే ఇంకు ఎండి, అది వచ్చే సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి. డిజిటల్ ఫ్రేములు, కప్పులమీద బొమ్మలు బహుమతులకు సరే.

“నేను ఎవరికీ చూపించను, ప్రింటూ వేయించను. అయితే నేను తీసేదంతా వృథాయేనా?” అని ఒకమ్మాయి అడిగింది. వృథా అనలేను. అమెరికాలోని షికాగోలో పిల్లల ఆయాగా పనిచేసిన వివియన్ మేయర్ లక్షకు పైగా ఫొటోలు తీసింది. చాలావాటిని ప్రింటు వేయించలేదు, కొన్ని ఫిల్ములను కడిగించనే లేదు. 2007లో ఆమె సామాన్ల గది వేలానికి వచ్చాకే అవి బయటపడ్డాయి. 2009లో ఆమె చనిపోయింది. తీస్తున్న క్షణమే ఆమెకు చాలేమో, ఆ హక్కు ఎవరికైనా ఉంది. కానీ ఆ వీధుల్లో ఆమె కెమెరా వైపు చూసిన పిల్లలు, ఆడవాళ్లు, పనివాళ్లు తమ ఫొటో ఒకటి ఉందని తెలియకుండానే వెళ్లిపోయి ఉంటారు. ఆమె ఫొటోలు చూసినప్పుడల్లా నాకు వాళ్లే గుర్తొస్తారు.

ఇప్పుడు నా పద్ధతి ఇది. ఆన్‌లైన్‌లో పెట్టడం మానలేదు, వారానికి ఒకటి పెడతాను, కత్తిరించకుండా. దూరాన ఉన్న బంధువులకు అసలు ఫైళ్లు పంపుతాను, అవే నా వరద బీమా. మూడు నెలలకోసారి కూర్చుని, తీసినవాటిలో మనుషులున్నవి వేరుచేసి, చేర్చగలిగిన ప్రతి ఒక్కరికీ ఒక ప్రింటు వేయిస్తాను. మా ల్యాబులో 6×8 ఒకటి పాతిక రూపాయలు పడుతోంది.

వచ్చే ఆదివారం మళ్లీ వేటపాలెం వెళ్తున్నాను. సంచిలో పదకొండు కవర్లున్నాయి. పదింటిమీద పేర్లున్నాయి. పదకొండోది నిరుడు వేసవిలో రైల్వే గేటు పక్కన తాటిముంజలు అమ్మిన అబ్బాయిది. పేరు అడగడం మరచిపోయాను. ఫొటో చూపిస్తే గేటు దగ్గర ఎవరో ఒకరు గుర్తుపడతారు.