పక్కింటి కుక్క మొరుగుడు: మాట్లాడటమా, ఫిర్యాదా?

ముందు యజమానితో మాట్లాడటానికే నా ఓటు. చాలా కుక్కలు ఇంట్లో ఎవరూ లేనప్పుడే ఎక్కువ మొరుగుతాయి. ఒంటరితనం, విసుగు, కిటికీలోంచి కనిపించే మనుషులు దానికి కారణాలు. అంటే ఆ గోల యజమాని చెవిన పడకపోయి ఉండొచ్చు. ఏ వేళ, ఎంతసేపు మొరుగుతోందో రాసుకుని, ఫోన్‌లో రికార్డు చేసి వినిపిస్తే వాదన తగ్గుతుంది. నడకకు తీసుకెళ్లడం, కిటికీకి తెర వేయడం లాంటివి మొదలుపెట్టినా అలవాటు మారడానికి వారాలు పట్టొచ్చు. ఓపిక పట్టాలి (నిద్రలేని వాళ్లకి చెప్పడం తేలికే!).

ఫిర్యాదుకి బలం ఎక్కువే. కానీ ఆధారాలు అడుగుతారు, ఆలస్యమవుతుంది, పలకరింపులూ పోతాయి. పైగా నోటీసుతో కుక్క విసుగు తీరదు. యజమాని మీ ముఖం మీదే తలుపు వేసినా, కుక్కను రోజంతా కట్టేసి వదిలేస్తున్నా మాత్రం ఆగక్కర్లేదు. రాసుకున్న వివరాలు అక్కడా పనికొస్తాయి.