తోప్‌కాపినా, దోల్మాబాచెనా?

రెండూ ఒట్టోమన్ సుల్తానుల ప్యాలెస్‌లే. ఇస్తాంబుల్లో ఒక్కపూటే ఉంటే తోప్‌కాపికే వెళ్లండి. నాలుగు ప్రాంగణాలు, హారెం (రాణివాసం), ఖజానాలో 86 క్యారెట్ల వజ్రం. మూడు గంటలైనా చాలవు. గేటు తెరిచేసరికే చేరి ముందు హారెం చూసేయాలి, ఆలస్యమైతే ఆ ఇరుకు గదుల్లో జనం కదలరు. టీ1 ట్రామ్‌లో గుల్హానె స్టాపులో దిగాలి. అదే లైన్లో తోప్‌కాపి అనే స్టాపూ ఉంది. పేరు చూసి దిగారో, కిలోమీటర్ల అవతల పాత కోటగోడ దగ్గర తేలతారు.

దోల్మాబాచె 1856లో పూర్తయిన యూరప్ తరహా భవనం. లైను చివర కబాతాష్‌లో దిగితే కొద్ది నడకే. వేడుకల హాల్లో నాలుగున్నర టన్నుల షాండ్లియర్‌ని మెడ నొప్పెట్టేదాకా చూడొచ్చు, లోపల ఫోటోలు మాత్రం తీయనివ్వరు. 1938లో ఆధునిక టర్కీ స్థాపకుడు అతాతుర్క్ కన్నుమూసిన గది ఇక్కడే. తోప్‌కాపికి మంగళవారం సెలవు, దీనికి సోమవారం.