'వాటెవర్ పీపుల్ సే ఐ యామ్, దట్స్ వాట్ ఐ యామ్ నాట్': ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ వింటే

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ ఆర్కిటిక్ మంకీస్ పేరెత్తితే నాకు తెలిసిన కుర్రాళ్ళంతా 2013లో వచ్చిన 'ఏఎం' గురించే మాట్లాడతారు. మంచి ఆల్బమే, కాదనను. నాకు మాత్రం ఆ బ్యాండ్ అంటే 2006 జనవరిలో వచ్చిన మొదటి ఆల్బమే. చాంతాడంత పొడుగున్న ఆ పేరు అలన్ సిల్లిటో నవల 'సాటర్డే నైట్ అండ్ సండే మార్నింగ్' లోంచి తీసుకున్నది. ఫ్యాక్టరీలో వారమంతా ఒళ్ళు హూనం చేసుకుని, శనివారం రాత్రి తాగి తందనాలాడే కుర్రాడి కథ అది. ఆల్బమ్‌లోనూ దాదాపు అదే లోకం, కాకపోతే ఊరు ఆ బ్యాండ్ పుట్టిన షెఫీల్డ్.

కాలేజీ రోజుల నుంచి వింటున్న ఆల్బమ్ ఇది. ఈ మధ్య కొన్ని వారాలపాటు వరస మార్చకుండా, ఒక్క పాటా దాటేయకుండా మళ్ళీ విన్నాను. అప్పట్లో పిచ్చిగా నచ్చిన పాటలు వేరు, ఇప్పుడు వదలకుండా పట్టుకున్నవి వేరు.

అప్పట్లో నన్ను కట్టిపడేసింది స్పీడు. 'ఐ బెట్ యు లుక్ గుడ్ ఆన్ ద డాన్స్‌ఫ్లోర్' మూడు నిమిషాలు కూడా ఉండదు. మ్యాట్ హెల్డర్స్ డ్రమ్స్ ఊపిరి తీసుకోనివ్వవు. బ్రిటన్‌లో ఈ ఆల్బమ్ మొదటి వారంలోనే 3,63,735 కాపీలు అమ్ముడైంది. అప్పటిదాకా అక్కడ ఏ తొలి ఆల్బమూ అంత వేగంగా అమ్ముడుపోలేదు. దీని వెనక పెద్ద ప్రచారమేమీ లేదు. షోలలో ఉచితంగా పంచిన డెమో సీడీలను అభిమానులే ఇంటర్నెట్‌లో ఒకరికొకరు పంపుకున్నారు. ఆల్బమ్ షాపుల్లోకి వచ్చేసరికే చాలా పాటలు జనానికి నోటికి వచ్చేశాయి.

ఇప్పుడు వింటుంటే స్పీడు కన్నా, పాటలు రాసి పాడే అలెక్స్ టర్నర్ చూపు గొప్పగా అనిపిస్తోంది. ఆల్బమ్ వచ్చేనాటికి అతనికి నిండా ఇరవై. 'రెడ్ లైట్ ఇండికేట్స్ డోర్స్ ఆర్ సెక్యూర్డ్' పాటే తీసుకోండి. అర్ధరాత్రి టాక్సీ దగ్గర కుర్రాళ్ళ గోల. ఆరుగురినీ ఎక్కించుకుంటాడేమో అడగరా అంటాడొకడు. డ్రైవరు ఒప్పుకోడు, అందులోనూ చేతుల్లో తిండి ఉంటే అసలు కుదరదంటాడు. కుదరదని చెబితే పోయేదిగా, అంత కసురుకోవడం దేనికని వీళ్ళ ఉక్రోషం. కథంటూ ఏమీ లేదు. కానీ ఆ మాటల తీరు, ఆ షెఫీల్డ్ యాస అచ్చం వీధిలో విన్నట్టే ఉంటాయి. 'మార్డీ బమ్'లో అలిగిన అమ్మాయిని బతిమాలే తీరు కూడా అంతే. దాన్ని సింగిల్‌గా, అంటే విడి పాటగా, విడుదల చేయకపోయినా జనం నెత్తిన పెట్టుకున్నారు.

లోపాలు లేవని కాదు. నాలుగో పాట నుంచి ఆరో పాట దాకా అన్నీ ఒకే ఊపులో పోతాయి, ఏది ఎక్కడ అయిపోయిందో తెలియదు. 'స్టిల్ టేక్ యు హోమ్'లో క్లబ్బుకి వచ్చిన అమ్మాయిని ఏమీ తెలియనిదానిలా తీసిపారేసే ధోరణి ఇప్పుడు చివుక్కుమనిపిస్తుంది. ఇదే టర్నర్ 'వెన్ ద సన్ గోస్ డౌన్'లో చీకటి పడ్డాక వీధిలో నిలబడ్డ ఆడమనిషిని చూసి, ఏం జరిగి ఈమెకు ఈ గతి పట్టిందో అనుకుంటాడు. కోపమంతా ఆమెను వాడుకునే మగాడి మీదే. మొదట గిటారు, గొంతు మాత్రమే ఉంటాయి. తర్వాత బ్యాండంతా ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఆ మలుపు దగ్గర నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ చెప్పుకోవాల్సింది చివరి పాట 'ఎ సర్టెన్ రొమాన్స్' గురించి. ఐదున్నర నిమిషాలు. డ్రమ్స్ దరువుతో మొదలై, గొంతు వినిపించేలోపు గిటార్లు చాలాసేపు మోగుతాయి. తర్వాత తన చుట్టూ ఉన్న కుర్రాళ్ళ రీబాక్ బూట్లు, సాక్సుల్లోకి దోపిన ట్రాక్ ప్యాంట్లు, కొట్లాటలు. ఇక్కడ ప్రేమా లేదు, పాడూ లేదని విసుక్కుంటాడు. అక్కడితో ఆపేస్తే అది ఊరిని చిన్నచూపు చూసే ఇంకో పాట అయ్యేది. కానీ కాసేపటికి దారి మారుస్తాడు. అదిగో, ఆ గుంపులో నా స్నేహితులూ ఉన్నారు, వాళ్ళు హద్దు దాటినా వాళ్ళమీద అదే కోపం రాదు అంటాడు. ఆపైన మాటల్లేవు, గిటారు ఒక్కటే ముగింపు దాకా తీసుకెళ్తుంది. ఊళ్ళో తోటివాళ్ళ తీరు నచ్చక, అలాగని వాళ్ళని వదులుకోలేక నలిగిన ఎవరికైనా ఈ పాట సూటిగా తగులుతుంది. కుర్రతనంలో నేను ఆ బూట్ల మీద వెక్కిరింపునే విన్నాను. ఇప్పుడు ఆ స్నేహితుల మాట దగ్గరే ఆగిపోతున్నాను.

రికార్డింగ్ గురించి ఒక్క మాట. సౌండ్ బాగా బిగించి, గట్టిగా పెట్టేశారు. ఇయర్‌ఫోన్స్‌లో వాల్యూమ్ పెంచితే సగానికే చెవులు అలిసిపోతాయి. గదిలో స్పీకర్ల మీద, కాస్త తగ్గించి వింటే బేస్ గిటారు విడిగా తెలుస్తుంది. ఆ బేస్ వాయించిన ఆండీ నికల్సన్ అదే ఏడాది బ్యాండ్ వదిలేశాడు, కాబట్టి అప్పటి నలుగురు సభ్యులూ కలిసి చేసిన ఆల్బమ్ ఇదొక్కటే.

'ఏఎం' మాత్రమే విన్నవాళ్ళు ఇందులో ఆ నింపాదితనం, ఆ నైట్‌క్లబ్ మత్తు వెతక్కండి, దొరకవు. ముందు 'మార్డీ బమ్' వినండి, ఆ తర్వాత పదకొండో పాట నుంచి చివరి దాకా ఒకే బిగిన వినండి. నచ్చితే మొదటి పాటకి వెళ్ళండి. మొత్తం కలిపి నలభై ఒక్క నిమిషాలే.