35 టైర్లకి 4.88 గేర్లు, నాలుగేళ్లు తిప్పాక

4.88 అంటే యాక్సిల్లోని గేర్ల నిష్పత్తి, చక్రం ఒక చుట్టు తిరగాలంటే ఇంజన్ వైపు నుంచొచ్చే షాఫ్టు 4.88 చుట్లు తిరగాలి. ఈ గేర్ల గురించి ఎవరడిగినా నేను ముందు చెప్పేది పికప్ గురించీ కాదు, మైలేజీ గురించీ కాదు, దిగుడు గురించి. ఎక్కడానికేముంది, తొక్కితే ఎలాగోలా ఎక్కేస్తుంది, కిందికి దిగేటప్పుడే తెలుస్తుంది యాక్సిల్లో ఏముందో.

29 అంగుళాల కంపెనీ టైర్లు తీసేసి 35లు వేశాక ఏడాది పాటు పాత 3.73 తోనే లాక్కొచ్చా. ఐదో గేరు పేరుకే, చిన్న ఎత్తొచ్చినా నాలుగే, ఎదురుగాలి కొట్టినా నాలుగే, సరే ఆ గోల అందరికీ తెలిసిందే. అసలు భయం వేసింది ఒక వానరోజు బంకమట్టి దిగుడులో. ఫోర్ లో (నాలుగు చక్రాలూ లాగే, నెమ్మదిగా పోయే లో రేంజ్), ఫస్ట్ గేరు, కాళ్లు రెండూ పెడల్స్ మీంచి తీసేశా, అయినా బండి ఆగట్లేదు, నేననుకున్న దానికంటే జోరుగా పోతోంది, బ్రేక్ మీద కాలు అలా ఆనించానో లేదో చక్రాలు బిగుసుకుపోయి స్టీరింగ్ ఎటు తిప్పినా తిన్నగా జారడమే, కాలు తీస్తే మళ్లీ పరుగు. చివరికి పక్క గట్టుని రాసుకుంటూ ఆగింది. ఆ డోర్ సొట్ట ఇప్పటికీ అలాగే ఉంచా.

ఇంటికొచ్చి కాగితం తీశా. నా బండిలో ఫస్ట్ గేరు 4, లో రేంజ్ 2.5, యాక్సిల్ 3.73, మూడూ గుణిస్తే 37.3. ఐడిల్ 800 ఆర్‌పీఎం అనుకుంటే పాత టైర్లతో గంటకి 3 కిలోమీటర్లు పోయేది 35లతో 3.6 అయ్యింది. అదే 4.88 వేస్తే గుణకారం 48.8, వేగం 2.75. చూడ్డానికి ముష్టి తేడానే, కానీ ఇంజన్ బండిని వెనక్కి పట్టుకునే బలం కూడా దాదాపు 30 శాతం పెరుగుతుంది కదా, అదీ అసలు సంగతి.

గేర్లు మార్చాక మళ్లీ అదే దిగుడుకి, మళ్లీ వాన పడ్డాకే వెళ్లా. క్లచ్ వదిలేసి, బ్రేక్ పక్కన కాలు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నా, గుండె మాత్రం దడదడే. బండి గుర్రుమంటూ టైరు గుబ్బ తర్వాత గుబ్బ మట్టిలో గుచ్చుకుంటూ, ముసలాయన మెట్లు దిగినట్టు దిగింది, చివరిదాకా బ్రేక్ ముట్టుకోలేదు. పక్క సీట్లో మా బావ "ఏంట్రా, నువ్వేం చెయ్యట్లేదా?" అన్నాడు. చెయ్యట్లేదు బావా, అదే చేస్తోంది అన్నా. ఆ ఒక్క దిగుడుకే పెట్టిన ఖర్చు చెల్లిపోయింది అనిపించింది.

ఆ ఊపులో కనపడినోళ్లందరికీ కళ్లు మూసుకుని 4.88 వేసెయ్యండి అని చెప్పాను, ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. 3.73ని 35తో గుణించి 29తో భాగిస్తే వచ్చేది 4.50, అంటే 4.56 వేస్తే కంపెనీ నాటి నడక తిరిగొచ్చేస్తుంది. నేను టైర్ల బరువు కూడా చూసుకోవాలి కదా అని ఇంకో మెట్టు పైకి పోయా. వంద స్పీడులో ఇబ్బంది లేదు, ఇంజన్ 2300 చిల్లర ఆర్‌పీఎం తిరుగుతుంది, పాతరోజుల్లో 2150 ఉండేది. 120లో మాత్రం 2800, గంట సేపు అలా పోతే చెవుల్లో హోరు.

ఇంకోటి, యాక్సిల్ గేర్ల కూత. యాక్సిల్లో పెద్ద పళ్లచక్రం క్రౌన్, దాన్ని తిప్పే చిన్నది పినియన్. నా పాత పినియన్‌కి 11 పళ్లు, 4.88 దానికి 8, కాబట్టి పినియనే చిన్నది, సర్దుబాటులో తప్పు చేస్తే ఊరుకోదు. బిగించిన ఆయన రంగు పూసి పళ్ల మీద అచ్చు ఎక్కడ పడుతోందో నాకు చూపించలేదు, నేనూ అడగలేదు. మొదటి 800 కిలోమీటర్లు మెల్లగా, మధ్యమధ్యలో చల్లారనిచ్చి నడిపి ఆయిల్ మార్చాలని తెలిసీ మూడోరోజే పైన సామాను కట్టుకుని 300 కిలోమీటర్లు ఆపకుండా కొట్టా. వచ్చేటప్పుడు 70 దగ్గర కాలు తీస్తే వెనక నుంచి ఊళ. కవర్ విప్పితే ఆయిల్లో ఇనుప రజను మెరుపులు, బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య వదులు) 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్లు ఉండాల్సింది 0.4 దగ్గరుంది. తప్పు ఆయనదెంతో నాదీ అంతే. మళ్లీ సర్ది బిగించారు, తగ్గింది గానీ ఒకసారి అరవడం మరిగిన క్రౌన్ పినియన్ పూర్తిగా నోరు మూయదు.

నాది మాన్యువల్, వారాంతం కొండదారులే ఎక్కువ, హైవే ఎక్కేది నెలకో రెండు నెలలకో ఒకసారి, కాబట్టి నాకు సరిపోయింది. రోజూ హైవే మీదే ఉండేవాళ్లైతే 4.56 దగ్గర ఆగిపోండి, దిగుడులో అదీ బాగానే పట్టుకుంటుంది. ఆటోమేటిక్ వాళ్లకి నేనేం చెప్పను, నా లెక్క అక్కడ పనికిరాదు.

ఇప్పటికీ 70 దాటగానే మా ఆవిడ పాట సౌండ్ పెంచేస్తుంది, నేనేమో మళ్లీ తగ్గించి ఆ కూత ఇవాళ ఏ స్పీడ్‌లో మొదలైందా అని వింటూ కూర్చుంటా.