రీఫ్ ట్యాంక్ సామాను రివ్యూ: డబ్బు ముందు నీళ్ల మీద పెట్టండి

ఈ రివ్యూ ఒక్క వస్తువు గురించి కాదు. ఇంట్లో పెద్ద ఉప్పునీటి రీఫ్ ట్యాంక్ (పగడాలు పెంచే అక్వేరియం) పెట్టడానికి కొన్న సామాను మొత్తం గురించి. ట్యాంక్ 150 సెం.మీ. పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు. కింద క్యాబినెట్‌లో సంప్, అంటే పరికరాలు పెట్టే రెండో తొట్టె. రాళ్లు ఆక్రమించిన చోటు పోను పైనా కిందా కలిపి 600 లీటర్ల దాకా నీళ్లు పడతాయి. నేను రక్తపరీక్షల ల్యాబ్‌లో పని చేస్తాను. రీడింగులంటే నాకున్న పట్టింపు ఈ రివ్యూలో కనపడుతుంది, అది కావాలనే.

పెద్ద ట్యాంక్ పెట్టేవాళ్లకు ముందు లైటు మీదికే చూపు పోతుంది. ఆ తర్వాత చేపల మీదికి. ఆటో టాప్ ఆఫ్ (ఆవిరైన నీటిని తనంతట తానే నింపే పరికరం), ఆర్ఓ యూనిట్, టెస్ట్ కిట్ దగ్గరికి వచ్చేసరికి చవకది చాలులే అనిపిస్తుంది. నేనైతే ఆ వరసను తిరగేసి కొనమంటాను. నీటి రీడింగులు కాస్త అటూ ఇటూగా ఉన్నా పగడం సర్దుకుంటుంది. నిన్న ఒక అంకె, ఇవాళ ఒక అంకె, రేపు ఇంకోటి అయితే మాత్రం తట్టుకోలేదు.

అందుకే మొదటి మార్కులు ఆటో టాప్ ఆఫ్‌కే. ట్యాంకులోంచి ఆవిరయ్యేది మంచినీరు మాత్రమే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. ఈ సైజు ట్యాంకులో రోజుకు 6 లీటర్లు ఆవిరైపోతాయనుకోండి. వారం పాటు పట్టించుకోకపోతే 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో ఎన్ని భాగాలు ఉప్పో) ఉండాల్సిన లవణీయత 37.6కి చేరుతుంది. అప్పుడు గుర్తొచ్చి ఒక్కసారి బకెట్లు కుమ్మరిస్తే ఠక్కున పడిపోతుంది. ఎక్కడం కంటే ఆ పడిపోవడమే పగడాలను ఎక్కువ బాధపెడుతుంది. నేను వాడేది ట్యూన్జే ఆస్మొలేటర్ 3155. నీటిమట్టం చూడటానికి ఆప్టికల్ సెన్సర్ ఉంది. అది మొరాయించినా నీళ్లు పొంగకుండా పైన విడిగా ఒక ఫ్లోట్ స్విచ్ ఉంది. పంపు ఆగకుండా తిరుగుతూనే ఉంటే తనంతట తానే ఆపేసి అలారం కొడుతుంది. ఈ రెండో కాపలా లేని ఆటో టాప్ ఆఫ్ ఎంత చవకగా వచ్చినా వద్దు. బిగించేటప్పుడు ఒక్కటి చూసుకోండి: మంచినీటి గొట్టం కొస సంప్ నీటికి పైన, గాల్లో ఉండాలి. నీళ్లలో మునిగి ఉంటే పంపు ఆగాక కూడా సైఫన్ లాగి డబ్బా మొత్తం ఖాళీ చేసేస్తుంది.

ఆ డబ్బాలో పోసే నీళ్లు ఎక్కడివన్నది తర్వాతి సంగతి. కుళాయి నీళ్లు వద్దు, తాగడానికి పెట్టుకున్న మామూలు ఆర్ఓ నీళ్లు కూడా చాలవు. సెడిమెంట్, కార్బన్, మెంబ్రేన్ దాటాక చివర డీఐ రెసిన్ (మిగిలిన లవణాల్ని పట్టేసే గుళికలు) ఉండాలి, టీడీఎస్ మీటర్ (నీటిలో కరిగినవి ఎంతో చూపేది) సున్నా చూపించాలి. ఆవిరైన ప్రతి లీటరు స్థానంలో ఇవే నీళ్లు వెళ్తాయి కాబట్టి వాటిలో ఉన్న ఫాస్ఫేట్, సిలికేట్, రాగి ఏవైనా ట్యాంకులో పేరుకుంటూ పోతాయి. రాగి కొద్దిగా ఉన్నా రొయ్యలూ నత్తలూ బతకవు. రంగు మారే రెసిన్ తీసుకోండి, పారదర్శకమైన హౌసింగ్‌లో పెట్టండి. రంగు ఎంతవరకు మారిందో చూస్తే ఎప్పుడు కొత్తది వేయాలో తెలుస్తుంది. ఒక లీటరు మంచినీటికి మూడు నాలుగు లీటర్లు వృథా నీళ్లు పోతాయి, వాటిని పట్టి ఇల్లు కడగడానికి వాడుకోవచ్చు.

ఉప్పు లీటరుకు సుమారు 38 గ్రాములు పడుతుంది. ట్యాంక్ మొదటిసారి నింపడానికే ఇరవై రెండు, ఇరవై మూడు కిలోలు. లవణీయత కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను మంచినీళ్లతో సున్నాకు సరిచేసి వదిలేయకుండా 35 పీపీటీ ప్రామాణిక ద్రావణంతో సరిచేయాలి. మనం కొలిచేది 35 దగ్గర కదా, సరిచూడాల్సింది కూడా అక్కడే. ల్యాబ్‌లో ఏ మెషీన్‌కైనా ఇదే పద్ధతి.

ఇక నాకు బాగా ఇష్టమైన పరికరం: హానా వాళ్ల ఆల్కలినిటీ చెకర్, హెచ్ఐ772. ఆల్కలినిటీ అంటే నీటిలో బైకార్బొనేట్, కార్బొనేట్ ఎంత ఉన్నాయో చెప్పే కొలత. దాన్ని నేరుగా డీకేహెచ్ అనే యూనిట్లో చూపిస్తుంది. పది మిల్లీలీటర్ల ట్యాంకు నీళ్లు తీసుకుని ముందు సున్నా చేయాలి, తర్వాత ఒక మిల్లీలీటరు రీఏజెంట్ (రంగు తెచ్చే రసాయనం) వేసి మెల్లగా తిరగేసి కలిపి మళ్లీ పెట్టాలి. చుక్కలు లెక్కపెట్టే కిట్‌లో రంగు ఎప్పుడు మారిందన్నది కంటికి వదిలేస్తాం, నా కంటికి మారింది మీ కంటికి మారకపోవచ్చు. ఇక్కడ అంకె వస్తుంది. అయితే ఆ అంకె సరిగ్గా రావాలంటే శ్రద్ధ ఉండాలి. క్యూవెట్ (నీళ్లు పోసే చిన్న గాజు సీసా) మీద వేలిముద్ర పడితే, లోపలి గోడకు చిన్న బుడగ అంటుకుంటే రీడింగ్ మారిపోతుంది. నేను ప్రతిసారీ మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసి, బుడగ ఉంటే గోటితో తట్టి అప్పుడు పెడతాను. రోజూ ఒకే వేళకు చూస్తాను.

ఆల్కలినిటీకే ఎందుకింత ప్రాధాన్యమంటే, పగడం తన అస్థిపంజరం కట్టుకునేటప్పుడు కాల్షియాన్ని, కార్బొనేట్‌ను ఒక లెక్క ప్రకారం తీసుకుంటుంది. ఆల్కలినిటీ 1 డీకేహెచ్ తగ్గితే కాల్షియం తగ్గేది 7 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఏడు). కాల్షియం 420 నుంచి 413కి పడితే ఏ కిట్టూ గట్టిగా చెప్పలేదు. ఆల్కలినిటీ 8 నుంచి 7కి పడితే స్పష్టంగా కనపడుతుంది. అంటే ముందుగా హెచ్చరించేది ఇదే. దాన్ని తిరిగి పెంచడానికి లెక్క కూడా సులువే: 600 లీటర్లలో 1 డీకేహెచ్ పెరగాలంటే సుమారు 18 గ్రాముల సోడియం బైకార్బొనేట్ చాలు. ఒకేసారి పోయకుండా డోసింగ్ పంపుతో రోజంతా కొద్దికొద్దిగా పడేలా పెట్టాలి, రెండో గొట్టంలో కాల్షియం క్లోరైడ్. రెండు గొట్టాల కొసలూ ఒకదానికొకటి దూరంగా ఉంచండి. దగ్గరగా ఉంటే రెండూ కలిసిన చోటే తెల్లటి పొడిగా గడ్డకట్టి వృథా అవుతాయి.

కొత్త ట్యాంకులో ఇంకా పగడాలేవీ లేకపోయినా ఒకరోజు ఆల్కలినిటీ దానంతటది తగ్గడం మొదలవుతుంది. టార్చి పట్టుకుని రాళ్లనూ, నీళ్లు సంప్‌లోకి దిగే ఓవర్‌ఫ్లో గోడనూ వెతికితే ఊదారంగు చుక్కలు కనిపిస్తాయి, గోరు అంచంత. అవి కోరలైన్ ఆల్గే, రాయికి పట్టే గట్టి నాచు. వాటికి కూడా కాల్షియం కార్బొనేటే కావాలి. మొదటి పగడం ఎప్పుడు వేయాలని ఎవరైనా అడిగితే ఈ చుక్కలు కనిపించాక అంటాను. దానికి ముందు గోధుమరంగు డయాటమ్ పొర వస్తుంది, తర్వాత ఆకుపచ్చ జుట్టులాంటి నాచు వస్తుంది. ఎండు రాళ్లతో మొదలుపెడితే ఈ దశ ఇంకాస్త సాగుతుంది. సముద్రంలోంచి తెచ్చిన లైవ్ రాక్‌తో ఇది త్వరగా గడిచిపోతుంది కానీ ఐప్టేసియా లాంటి చీడ కూడా వెంట వస్తుంది. నా ఓటు ఎండు రాళ్లకే. అమోనియాను మార్చే బాక్టీరియా పెరగడానికి అమోనియా 2 పీపీఎం దాకా వేసి, అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయ్యేదాకా ఆగాలి.

నీటిలోని మురికిని నురగగా తీసే స్కిమ్మర్ గురించి చెప్పాల్సింది తక్కువే. సన్న బుడగల ఉపరితలానికి ప్రోటీన్లు అంటుకుని నురగగా పైకి లేస్తాయి, కప్పులో ముదురు గోధుమరంగు నీళ్లు చేరతాయి. కొత్తదానికి ప్లాస్టిక్ మీది జిడ్డు పోయేదాకా కొన్నాళ్లు సరిగ్గా నురగ రాదు, అది చూసి పాడైందనుకుని తిరిగి పంపకండి. మెడ లోపల జిడ్డు పట్టిందంటే నురగ తగ్గిపోతుంది, తుడుస్తూ ఉండాలి.

ఓవర్‌ఫ్లో పైపుల దగ్గర మాత్రం ఆగి ఆలోచించండి. ట్యాంక్ తయారవుతున్నప్పుడే మూడు రంధ్రాలు పెట్టించుకోండి, బీన్ ఆనిమల్ పద్ధతి అంటారు. మొదటి పైపు పూర్తిగా నీటితో నిండి సైఫన్‌లా లాగుతుంది, రెండోదాంట్లో సన్నటి ధార, మూడోది పొడిగా అత్యవసరానికి. మొదటి పైపుకు బాల్ వాల్వ్ కాకుండా గేట్ వాల్వ్ వేయించాలి, అప్పుడే సన్నగా సర్దుబాటు కుదురుతుంది. కొద్దిగా తిప్పి ఆగి వింటూ ఉండాలి. గుటకల చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఒకచోట పూర్తిగా ఆగిపోతుంది, పంపు రొద తప్ప ఇంకేమీ వినపడదు. హాల్లో పెట్టుకునే ట్యాంకుకు ఈ నిశ్శబ్దం ఎంత ముఖ్యమో మా అత్తయ్యను అడిగితే చెప్తారు. ట్యాంక్ పక్కనే కూర్చుని టీవీ చూసేది ఆవిడే. కరెంటు పోతే పై నీళ్లు ఓవర్‌ఫ్లో అంచుదాకా దిగి సంప్‌లోకి వస్తాయి కాబట్టి సంప్‌లో ఆ మేరకు ఖాళీ ఉండాలి. సంప్ నుంచి నీళ్లు పైకి పంపే రిటర్న్ పంపు గొట్టం ట్యాంకులో లోతుగా ఉంటే అది కూడా వెనక్కి సైఫన్ లాగుతుంది. నీటి పైపొరకు కాస్త కిందగా పెట్టండి చాలు.

నీటి కదలికకు వార్‌టెక్ ఎంపీ40 వేవ్ పంపులు తీసుకున్నాను, రెండు చివరలా చెరొకటి. మోటారు అద్దం బయట, ఫ్యాన్ లోపల, మధ్యలో అయస్కాంతం. తీగ నీళ్లలోకి దిగదు, అది నాకు పెద్ద నిశ్చింత. 19 మి.మీ. మందం అద్దం దాకా పట్టుకుంటుంది, నా అద్దం 15 మి.మీ. లోపలి భాగం తీసి అప్పుడప్పుడు వెనిగర్‌లో నానబెడితే సున్నం పొర వదిలిపోతుంది. డబ్బుకు తగ్గ వస్తువు.

హీటర్ల మీద ఒక ఫిర్యాదు ఉంది, కంపెనీ పేరు చెప్పను. లోపలి థర్మోస్టాట్ అతుక్కుపోయి ఆగకుండా వేడెక్కుతూ పోయింది. ఇది ఏ కంపెనీదానికైనా జరగగలదు. అందుకే పెద్దదొకటి కాకుండా చిన్నవి రెండు పెట్టి, విడిగా టెంపరేచర్ కంట్రోలర్ ద్వారా కరెంటు ఇవ్వాలి. నాది 25.5 డిగ్రీల దగ్గర ఆగుతుంది. మొత్తం బోర్డుకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పనిసరి, ప్రతి తీగ సాకెట్ కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లాలి. అప్పుడు తీగ వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

లైటు మంచిదే కొనండి, కానీ పూర్తి బలంతో పెట్టకండి. పార్ మీటర్ (పగడాలకు పనికొచ్చే కాంతిని కొలిచేది) ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుని కొలవండి. మెత్తటి పగడాలకు 100 దరిదాపుల్లో చాలు, అక్రోపోరా లాంటి రాతి పగడాలకు 250 నుంచి 350. నా ట్యాంకులో లైటు నడిమధ్య కింద 350 ఉంటే అదే ఎత్తున మూల 80 చూపించింది. ఏ పగడం ఎక్కడ పెట్టాలో ఈ కొలతలే చెప్పేశాయి.

పగడాలు ట్యాంకుల్లో పెంచిన ఫ్రాగ్‌లుగానే (పెద్ద పగడం నుంచి తీసిన ముక్కలు) తీసుకోండి. రాతి పగడాలన్నీ సైటిస్ (అరుదైన ప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి, సముద్రంలోంచి విరిచినవి ఇంటికి తేవాల్సిన పని లేదు. పాలిథోవా అనే పగడంలాంటి జీవి ఉన్న రాయిని ఎప్పుడూ ఉడకబెట్టొద్దు, ఉత్త చేతులతో గీకొద్దు. వాటిలో పాలిటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, ఆవిరి పీల్చిన కుటుంబాలు ఆసుపత్రి పాలైన సంఘటనలు ఉన్నాయి. కొత్త చేపలను విడి తొట్టెలో ఉంచి తెల్లమచ్చల జబ్బు లేదని తేలాకే లోపలికి వదలాలి. జబ్బు లోపలికి వచ్చాక రాగి మందు రీఫ్ ట్యాంకులో వేయలేం. బ్లూ టాంగ్ మీద మనసు పడేవాళ్లకు: అది 30 సెం.మీ. పెరుగుతుంది, ఈ అయిదడుగుల ట్యాంక్ కూడా దానికి ఇరుకే.

బరువు లెక్క కొనే ముందే వేసుకోండి. నీళ్లే 600 కిలోలు దాటతాయి. 15 మి.మీ. అద్దం ఇంకో 130 కిలోలు. రాళ్లు, స్టాండు, సంప్ కలిస్తే 850 కిలోల పైమాటే. నేల సంగతి ఇంజనీరుకు చూపించి తేల్చుకోవాలి.

కరెంటు ఎక్కువసేపు పోతే ముందు తరిగేది ఆక్సిజన్, వేడి కాదు. ఇన్వర్టర్ మీద వేవ్ పంపు ఒక్కటి పెడితే చాలు, పైపొర కదులుతూ ఉంటుంది. లైట్లూ హీటర్లూ దాని మీద పెట్టకండి, బ్యాటరీ త్వరగా అయిపోతుంది.