జాగ్రత్త: ‘సీల్డ్ ప్యాక్’ సోర్డ్‌ఫిష్ కిట్ కొనేవాళ్లు పెట్టె తెరిచి చూడకుండా డబ్బు ఇవ్వకండి

విజయవాడ, గుంటూరు, తెనాలి వైపు విమానాల మోడల్స్ కట్టేవాళ్లందరికీ చెబుతున్నాను. పాత కిట్లు (మోడల్ కట్టుకునే విడిభాగాల పెట్టెలు) సీల్డ్ అని, అంటే ఎవరూ తెరవనివని, అమ్మే ఒకతని దగ్గర పోయిన నెల 7,200 రూపాయలు పోగొట్టుకున్నాను. పేరు ఇక్కడ పెట్టను. అతను చేసే పద్ధతి తెలిస్తే చాలు, మీరే గుర్తుపడతారు.

నేను కొన్నది 1/48 సైజు (అసలు విమానంలో 48వ వంతు) ఫెయిరీ సోర్డ్‌ఫిష్. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళం వాడిన, టార్పెడో మోసే బైప్లేన్, అంటే ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల రెక్కలుండే విమానం. 1940 నవంబరులో టరాంటో రేవులో ఇటలీ యుద్ధనౌకల మీద దాడి చేసినవి ఇవే, 21 విమానాలు. 1941 మేలో జర్మనీ యుద్ధనౌక బిస్మార్క్ చుక్కాని దెబ్బతీసిందీ ఇదే. నాకు మాత్రం ఇంకో కారణం ఉంది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద జపాన్ బాంబులు పడ్డ సంగతి మా తాతగారు ఎన్నోసార్లు చెప్పేవారు. దానికి ముందురోజే సింహళంలో ట్రింకోమలీ వైపు నుంచి కొలంబోకి వస్తున్న ఆరు సోర్డ్‌ఫిష్‌లను జపాన్ జీరో విమానాలు కూల్చేశాయి. ఆరింటిలో ఒక్కటీ మిగల్లేదు. ఆ విమానాల్లో ఒకటి కట్టి తాతగారి ఫొటో పక్కన పెట్టాలని నాలుగేళ్లుగా అనుకుంటున్నాను.

అమ్మేవాడు ఫోన్లో ఫొటోలు పంపాడు. పెట్టె నిగనిగలాడుతోంది, డెకాల్స్ (మోడల్ మీద అంటించే గుర్తుల స్టిక్కర్లు) తెల్లగా ఉన్నాయి. గుంటూరు నుంచి బస్సెక్కి గవర్నర్‌పేట వెళ్లాను. పెట్టె చేతికిచ్చాడు, పైన ప్లాస్టిక్ కవరు బిగుతుగా ఉంది. తెరిచి చూస్తానంటే, “వద్దు సార్, సీల్ తీస్తే రేటు పడిపోద్ది. మీరు తీసుకోకపోతే నేనెవరికి అమ్మాలి? ఇంటికెళ్లి నిదానంగా తీసుకోండి” అన్నాడు. న్యాయంగానే అనిపించింది. అక్కడే ఫోన్లో డబ్బు పంపేశాను. అతని కిటుకంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ఆ కవరు కంపెనీ వేసింది కాదు. స్వీట్ షాపుల్లో గిఫ్ట్ పెట్టెలకు చుట్టే రకమే. ఒక రోలూ, వేడి గాలి గన్నూ ఉంటే ఎవరైనా ఇంట్లో చుట్టేయొచ్చు.

ఇంటికొచ్చి విప్పితే లోపలి సంచులు కోసి, మళ్లీ స్టేప్లర్ కొట్టి ఉన్నాయి. రెక్కల మధ్య నిలబెట్టే స్ట్రట్లు నాలుగు లేవు, స్ప్రూ (విడిభాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) మీద వాటిని కోసిన గుర్తులు మాత్రం ఉన్నాయి. ముందు అద్దం లేదు. డెకాల్స్ పసుపు రంగుకు తిరిగాయి, అంటే ఫొటోలో చూపించింది వేరే కిట్టు. ఇవన్నీ ఎలాగో సర్దుకోవచ్చు. డెకాల్ షీటు కిటికీ అద్దానికి అంటించి కొన్నాళ్లు ఎండ తగలనిస్తే పసుపు చాలావరకు పోతుంది. స్ట్రట్లు ప్లాస్టిక్ షీటు చెక్కి చేసుకోవచ్చు.

సర్దుకోలేనిది పై రెక్క. ఈ సైజులో దాని పొడవు సుమారు 29 సెంటీమీటర్లు. బల్ల మీద బోర్లా పెడితే ఒక కొస లేచిపోయి, మధ్యలో మెలి తిరిగి ఉంది. రోహిణి కార్తెకి రోళ్లు పగిలే మన ఊళ్లలో రేకుల గదిలో ఏళ్ల తరబడి పడేస్తే పల్చని ప్లాస్టిక్ ఇంకేమవుతుంది! ఒకే వరస రెక్కలున్న విమానమైతే ఆ వంపు పెద్దగా కనపడదేమో. బైప్లేన్‌లో అలా కుదరదు. పైదీ కిందిదీ సరిగ్గా కుదిరితేనే స్ట్రట్లు వాటి గుంటల్లో కూర్చుంటాయి. మెలి తిరిగిన రెక్కను జిగురుతో బలవంతంగా బిగిస్తే, తర్వాత రెక్కల మధ్య కట్టే రిగ్గింగ్ దారాల్లో ఒకటి బిగుతుగా, పక్కది వదులుగా వస్తుంది. వేడినీళ్లలో ముంచి మెల్లగా తిప్పి చూశాను, సగమే సరైంది. ఇంకా వేడి పెంచితే పల్చటి వెనక అంచు అలలు తేలుతుందని ఆపేశాను.

ఫోన్ చేస్తే “అమ్మేటప్పుడు సీల్ ఉంది, తర్వాత మీరేం చేశారో నాకెలా తెలుస్తుంది” అని పెట్టేశాడు. తర్వాత నంబరు బ్లాక్ చేశాడు. తెనాలి మిత్రుడు ఒకరికి రెండు నెలల కిందట ఇతనే, ఇదే మాటతో, వేరే కిట్టు అంటగట్టాడని ఇప్పుడు తెలిసింది. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. మీకూ ఇలా జరిగితే మీరూ చేయండి.

ఎవరైనా పాత బైప్లేన్ కిట్టు అమ్ముతామంటే, ముందు ఇన్‌స్ట్రక్షన్ పుస్తకంలో స్ప్రూల బొమ్మ ఉన్న పేజీ తీయించండి. దాని పక్కనే స్ప్రూలన్నీ పరిచి, ఆ రోజు పేపరు కూడా కనపడేలా ఫొటో పంపమనండి. రెక్కల్ని చదునైన బల్ల మీద పెట్టి పక్క నుంచి ఒక ఫొటో తప్పనిసరి. చేతికి తీసుకునేటప్పుడు సీల్ తీయనివ్వకపోతే వెనక్కి వచ్చేయండి, అడ్వాన్సు కూడా ఇవ్వకండి. కొరియర్లో వస్తే పెట్టె విప్పేటప్పుడు మొదటి నుంచీ ఆపకుండా వీడియో తీయండి. నేను ఇంట్లో విప్పేటప్పుడు తీయలేదు, అందుకే నా దగ్గర రుజువు లేకుండా పోయింది.

కిట్టు తయారుచేసిన కంపెనీ తప్పు ఇందులో ఏమీ లేదు, మిగిలిన భాగాలు చక్కగా కుదురుతున్నాయి. ఫ్యూజలేజ్ (విమానం మొండెం), ఇంజను కట్టడం మొదలుపెట్టాను. ఎవరి దగ్గరైనా 1/48 సోర్డ్‌ఫిష్ పై రెక్క స్ప్రూ విడిగా ఉంటే చెప్పండి. విజయవాడైనా, ఇంకెక్కడైనా ఆదివారం నేనే వచ్చి, చూసుకుని, తగిన డబ్బిచ్చి తీసుకుంటాను.